పేర్లు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు

ఆ ఫార్వర్డ్ మళ్లీ మొదలైంది. ఏడాదికోసారైనా ఎక్కడో ఒక గ్రూపులో తేలుతుంది, ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, బంధువుల గ్రూపులో, చివరికి పిల్లల స్కూలు గ్రూపులో కూడా వచ్చింది. చూడనివాళ్ల కోసం సంగతేంటో చెప్తాను. ప్రపంచంలో మగవాళ్ల పేర్లన్నీ సంస్కృతంలోంచే పుట్టాయట. అబ్రహాం అంటే బ్రహ్మ, ఆదాము అంటే ఆదిముడు, క్రీస్తు అంటే కృష్ణుడు, ఈజిప్టు రాజు రామెసెస్ అంటే రాముడు, అలెగ్జాండర్ అంటే అలక్షేంద్రుడు, రష్యా ఇవాన్ అంటే జీవన్, ఇక తెలుగువాళ్ల పేర్లయితే చెప్పక్కర్లేదు, అన్నీ సంస్కృతమే. తెల్లవాళ్లు ఇన్నాళ్లూ ఈ నిజాన్ని దాచిపెట్టారు కాబట్టి కనీసం పదిమందికి పంపాలి. కింద వరసగా దండాల బొమ్మలు.

సంస్కృతం మీద నాకే కోపమూ లేదు. దానికి ప్రపంచమంతా నిజమైన చుట్టాలున్నారు, వాళ్ల కథలు ఈ ఫార్వర్డ్ కంటే వంద రెట్లు బాగుంటాయి. వాళ్లను గుమ్మం బయట నిలబెట్టి బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతుంటేనే ఒళ్లు మండుతుంది.

ముందు ఆ “తెల్లవాళ్లు దాచారు” సంగతి తేలుద్దాం. అబ్రహాం పేరును బ్రహ్మతో కలిపిన వాళ్లలో పేరున్న మనిషి ఫ్రాన్సుకు చెందిన రచయిత వోల్టేర్, 18వ శతాబ్దంలో. క్రీస్తుకూ కృష్ణుడికీ పేరు పోలిక అంటగట్టి ప్రచారం చేసినవాడు ఆ శతాబ్దం చివర్లో ఇంకో ఫ్రెంచి పెద్దమనిషి, వోల్నే. ఇద్దరికీ వాళ్ల ఊరి చర్చితో పేచీ, దాన్ని దెప్పడానికి దొరికిన ప్రతి పుల్లా పనికొచ్చింది. అంటే తెల్లవాళ్లు దాచారంటున్న ఈ మాటను మొదట ఊరంతా చాటింది తెల్లవాళ్లే.

“అబ్రహాంలో ‘అ’ తీసేస్తే బ్రహ్మ.” తీసేస్తే ఏదైనా ఏదైనా అవుతుంది. హీబ్రూలో ఆ పేరు అవ్రాహామ్, దానికి ముందున్న రూపం అవ్రామ్. మొదట్లో ఉన్న ‘అవ్’ అంటే తండ్రి, అరబ్బీలో ‘అబూ’ అనే మాట కూడా ఆ వేరులోదే. ‘రామ్’ అంటే ఉన్నతమైన. “అనేక జనములకు తండ్రి” అని బైబిలు ఆదికాండం 17వ అధ్యాయమే ఆ పేరుకు వివరణ ఇస్తుంది. ఆ ‘అ’ను కోసేశామంటే తండ్రినే సగానికి నరికినట్టు. ఇటు బ్రహ్మ వచ్చింది పెరగడం అనే అర్థమున్న ‘బృహ్’ ధాతువు నుంచి, బృహత్తు, బృహస్పతి ఆ ఇంటివాళ్లే. రెండు పేర్లకీ మూలం వేరు, అర్థం వేరు, భాషా కుటుంబం వేరు.

ఆదాము సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. హీబ్రూలో ‘ఆదామ్’ అంటే మామూలుగా మనిషి అనే, ‘అదామా’ అంటే నేల, నేలమట్టితో మనిషిని చేశాడన్న కథలో ఆ రెండు మాటల పొందిక కావాలనే పెట్టింది. మొదటివాడు అన్న అర్థం ఆ మాటలోనే లేదు.

“క్రీస్తు అంటే కృష్ణుడు” అన్నదానికి మొదటి చిక్కు ఏంటంటే, క్రీస్తు అసలు పేరే కాదు, బిరుదు. గ్రీకులో ‘ఖ్రిస్తోస్’ అంటే నూనెతో అభిషేకించినవాడు, హీబ్రూ ‘మషియహ్’కి అనువాదం. మన తెలుగు బైబిలు చదివినవాళ్లకు ‘అభిషిక్తుడు’ అన్న మాట తెలిసే ఉంటుంది. ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు యేషువా, అదే పేరుకు పాత రూపం తెలుగులో యెహోషువ. మరి కృష్ణ అంటే? నలుపు. కృష్ణపక్షం, కృష్ణజింక, మన కృష్ణానది, అన్నిచోట్లా అదే. ఆ మాటకు ఐరోపాలో సొంత చుట్టాలున్నారు, రష్యన్‌లో నలుపును ‘చోర్నీ’ అంటారు, అది ‘కృష్ణ’తో ఒకే మూలం నుంచి వచ్చింది. మోంటెనెగ్రో దేశాన్ని అక్కడివాళ్లు ‘త్స్‌ర్నా గోరా’ అంటారు, నల్ల కొండ అని, ఆ ‘త్స్‌ర్నా’ కూడా ఈ ఇంటిదే. చెవికి ఎక్కడా కృష్ణలా వినిపించదు కదా. అందుకే ఫార్వర్డ్ రాసినాయనకు దొరకలేదు.

రామెసెస్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది అందరికీ తెగ నచ్చే పాయింటు. రామ్ + సెస్ అని విడగొట్టి రాముణ్ని బయటికి తీస్తారు. ఈజిప్టువాళ్లు మాత్రం దాన్ని ఎక్కడ విడగొట్టాలో వాళ్ల రాతలోనే బొమ్మ గీసి చూపించారు. 1822 సెప్టెంబరులో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ బొమ్మల లిపిని పట్టుకుని కూర్చున్నాడు. కోడిగుడ్డు ఆకారంలో గీత, దాని లోపల రాజు పేరు. మొదటి బొమ్మ గుండ్రటి సూర్యబింబం. చివర్లో రెండు ‘స’లు, అవి ఆయనకు అప్పటికే తెలుసు. మధ్యలో ఒక గుర్తు. షాంపోలియన్‌కు కోప్టిక్ వచ్చు, అది ప్రాచీన ఈజిప్టు భాషకు చివరి రూపం, అక్కడి క్రైస్తవుల ప్రార్థనల్లో నిలిచింది. కోప్టిక్‌లో సూర్యుడు ‘రే’, కనడం ‘మిసె’. రా-మెస్-సు, అంటే “రా దేవుడు ఇతన్ని కన్నాడు”. ఆ ‘మెస్’ విడి మాట అనడానికి ఇంకో రాజు పేరు చాలు, థుత్‌మోస్, అక్కడ ముందున్నది థోత్ దేవుడు. ‘మ’ రెండో ముక్కది, దాన్ని ఎత్తుకొచ్చి రా పక్కన అతికిస్తే రాముడు తయారయ్యాడు.

పోనీ అప్పట్లో ‘రామ’ అనే పలికేవారేమో అంటారా? దానికీ సాక్ష్యం ఉంది. ఈజిప్టు లిపిలో అచ్చులు రాయరు, కానీ రెండో రామెసెస్ ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజుతో సుమారు క్రీ.పూ. 1259లో సంధి చేసుకున్నాడు, ఆ సంధి అక్కాడియన్ భాషలో మట్టి పలకల మీద కూడా రాశారు, ఆ లిపిలో అచ్చులు ఉంటాయి. అక్కడ ఆయన పేరు ‘రియమషేష’. ఆయన్ని ఎరిగినవాళ్లు, ఆయనకు ఉత్తరాలు రాసినవాళ్లు అన్న మాట అది. మూడు వేల ఏళ్ల తర్వాత వాట్సాప్‌లో మనం వాళ్లకు ఉచ్చారణ నేర్పడమేంటి?

ఇక అలెగ్జాండర్. అలక్షేంద్రుడు అంటే విడగొట్టి చూడండి, కనిపించని ఇంద్రుడనో, గురి లేని ఇంద్రుడనో వస్తుంది, ప్రపంచాన్ని జయిస్తానని బయల్దేరినవాడికి ఏ తల్లీ అలా పేరు పెట్టదు. గ్రీకులో అది అలెక్సాన్‌డ్రోస్. ‘అలెక్సో’ అంటే కాపాడటం, ‘అనేర్’ (విభక్తిలో ‘అన్‌డ్రోస్’) అంటే మగవాడు. మనుషుల్ని కాపాడేవాడు. ఇప్పుడు అసలు మజా వినండి. ఆ ‘అలెక్స్’కి సంస్కృతంలో తోబుట్టువు ‘రక్ష్’. ‘అనేర్’కి తోబుట్టువు ‘నృ’, నర. అంటే అలెగ్జాండర్ పేరులో రెండు ముక్కలూ సంస్కృతానికి నిజంగానే చుట్టాలు, నరరక్షకుడు అన్నమాట! కానీ ఒకదాన్లోంచి ఒకటి పుట్టలేదు, రెండూ ఒక పాత తల్లి బిడ్డలు. ఇంత మంచి సంగతిని పక్కనపెట్టి గురి లేని ఇంద్రుణ్ని పట్టుకొచ్చారు.

అలెగ్జాండర్ పేరును మనవాళ్లు అప్పట్లోనే విన్నారు కూడా. అశోకుడి పదమూడో శిలాశాసనంలో ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లున్నాయి, అందులో ఒకడు ‘అలికసుదర’. ఇతను జగజ్జేత కాదు, అదే పేరున్న తర్వాతి రాజు. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ చెక్కిన చోట్లలో మన కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి. ఆ పేరు సంస్కృతం నుంచి వెళ్లిందే అయితే అశోకుడి లేఖకులు తమ ఇంటి మాటను గుర్తుపట్టి ప్రాకృతంలో ఏ ‘అలక్ఖింద’ అనో రాసుకునేవారు. వాళ్లు పరాయి పేరును విన్నది విన్నట్టు రాశారు. తర్వాత అరబ్బులు ముందున్న ‘అల్’ని తమ భాషలో పేర్ల ముందు చేర్చే ‘అల్’ అనుకుని వేరుచేశారు, ఇస్కందర్ మిగిలింది, అది సికందర్ అయింది, మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ వెలిసింది. ప్లాట్‌ఫారం నంబరు వెతుక్కుంటూ పరిగెత్తే స్టేషను బోర్డు మీద మాసిడోనియా రాజు పేరుంది.

“ఇవాన్ అంటే జీవన్, జాన్ అంటే జ్ఞాన్.” ఈ రెండూ అసలు ఒకే పేరు, హీబ్రూ యోహనాన్, యెహోవా దయ చూపాడు అని. గ్రీకులో ఇయోఆన్నేస్, అక్కణ్నుంచి స్లావు భాషల్లోకి వెళ్లి మధ్యలో ‘వ’ చేరి ఇవాన్, స్పెయిన్‌లో హువాన్, జర్మనీలో హాన్స్, ఇటలీలో జొవాన్ని, ఐర్లాండ్‌లో షాన్. ఇంగ్లిషు జాన్‌లో ‘జ’ ఫ్రెంచివాళ్ల చలవ, లాటిన్‌లో అక్కడ ‘య’నే. అంటే జ్ఞానంతో కలిపిన ఆ ‘జ’ మధ్యయుగాల్లో వచ్చి చేరింది. ఆ లెక్కన మన పల్లెటూరి చర్చిలో యోహాను పేరే మూలానికి జాన్ కంటే దగ్గర. జీవన్‌కి రష్యాలో చుట్టం కావాలంటే ఉన్నాడు, విటాలీ. లాటిన్ ‘వీటా’, ప్రాణం, మన ‘జీవ’ ఒకే మూలానివి. జీవన్, విటాలీ పక్కపక్కన నిలబడితే ఎవరూ అన్నదమ్ములనుకోరు, జీవన్, ఇవాన్ నిలబడితే కవలలంటారు. ఇలాంటిదే ఐర్లాండ్‌లో కియెరన్ అనే పేరు, అమెరికాలో మనవాళ్లు కొందరు కిరణ్‌కి దగ్గరగా ఉందని ముచ్చటపడతారు. ఆ పేరుకు మూలం ‘కియర్’, నల్లని అని. చిన్న నల్లవాడు. కిరణ్‌లా వినిపించి అర్థంలో కృష్ణుడి పక్కకు చేరుతుంది!

మరి చుట్టరికం ఉందో లేదో ఎలా తేలుస్తారు? ఒక పేరు కలవడంతో తేలదు, ఒక మార్పు పదేపదే ఒకేలా జరిగిందని చూపించాలి. సంస్కృతంలో ‘స’ ఉన్న చాలాచోట్ల పారసీకంలో ‘హ’ వస్తుంది, సప్త అక్కడ హఫ్త, హైదరాబాద్‌లో హఫ్తా వసూలు అనేది అదే ఏడు. ఇప్పుడు పారసీక చక్రవర్తి డరియస్ అసలు పేరు చూడండి, దారయవౌష్. దారయ అంటే ధారయ, వహు అంటే వసు. మంచిని ధరించినవాడు. అవే రెండు ముక్కలు అటూ ఇటూ మారిస్తే మన వసుంధర! ఆయన ఇరాన్‌లో బిసుతూన్ కొండ మీద చెక్కించిన శాసనం “అదమ్ దారయవౌష్” అని మొదలవుతుంది. అదిగో ఆదాము అని ఎగరకండి, ఆ ‘అదమ్’ మన ‘అహమ్’, “నేను డరియస్‌ని” అంటున్నాడు. సంస్కృతంలో ‘హ’ ఉన్న కొన్నిచోట్ల పాత పారసీకంలో ‘ద’ రావడం ఇంకో నియమం. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఆఖరి పాయింటు, “తెలుగువాళ్ల పేర్లన్నీ సంస్కృతమే.” తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఉదాహరణలతో చూపించాడు. పేర్లకొస్తే, కవిత్రయంలో ఎర్రనను ఏం చేస్తారు? బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి పేరులో ‘చిన్న’ను ఏం చేస్తారు? పోతయ్య, పోతురాజుల్లో ఉన్నది మేకపోతు, దున్నపోతుల్లోని పోతే. అన్నిటికంటే నాకు పెంటయ్య, తవిటయ్య ఇష్టం. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి తీసుకుని పెంటయ్య అనేవారు, కాసింత తవుడు ఇచ్చి కొన్నట్టు నటించి తవిటయ్య అనేవారు. వీడు పనికిరానివాడు, మృత్యువు చూపు వీడి మీద పడక్కర్లేదని. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఇద్దరు పెంటయ్యలుండేవారు, ఇప్పుడు వాళ్ల మనవలు ఆ పేరు బయటికి చెప్పుకోరు.

సంస్కృతమూ కాక, తెలుగూ కాక ఇంకో వరస ఉంది, దర్గాలకు మొక్కుకుంటే పుట్టినవాళ్లు. మస్తానయ్య, పీరయ్య, హుస్సేనయ్య, నాగూరు. రాయలసీమలో హిందువుల ఇళ్లలోనూ వినిపించే దస్తగిరి ఈ బాపతే. చివర్లో ‘గిరి’ ఉంది కాబట్టి ఏదో కొండ పేరని చాలామంది అనుకుంటారు, ఇవాళో రేపో ఎవరో ఫార్వర్డ్‌లో కూడా రాస్తారు. అది పారశీకం, దస్త్‌గీర్, చేయి పట్టుకుని ఆదుకునేవాడు, సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు. ఇందాకటి నియమం తీయండి. ‘హ’ ఉన్నచోట ‘ద’, హస్తం అక్కడ దస్త్. గీర్ వచ్చింది మన గ్రహించడంలోని ‘గ్రహ్’కి తోబుట్టువైన మాట నుంచి.

ఫార్వర్డ్‌లో ఇంతమంది మగవాళ్ల పేర్లున్నాయి, దస్తగిరి మాత్రం లేడు.