మొదటి రింగుకే ఎత్తవలెను

హైదరాబాదు శివార్లలో పీవీసీ పైపుల వ్యాపారం చేసే ఒక కంపెనీ, తమ ఉద్యోగులు ఫోన్లో ఒకరితో ఒకరు ఎలా మసలుకోవాలో చెబుతూ పన్నెండు నిబంధనలు విడుదల చేసింది. ఆ కాగితం నా చేతికొచ్చింది. రెండు పేజీలు, కింద ముగ్గురి సంతకాలు, పైన ‘మొబైల్ కమ్యూనికేషన్ ప్రోటోకాల్’ అని పెద్దక్షరాలు. సంధి ఒప్పందాల్లో కూడా ఇన్ని ‘వలెను’లు, ‘రాదు’లు ఉండవు.

గొడవంతా ఒక లారీ దగ్గర మొదలైంది. విజయవాడ వెళ్లాల్సిన సరుకు గోడౌన్లో ఎక్కించే వేళకు అనుకున్న బండి మొరాయించింది. కంపెనీదే ఇంకో బండిలో లోడు వేశారు. బండి మారితే ఈ-వే బిల్లులో, అంటే సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ పన్ను పత్రంలో, పార్ట్-బీ కింద బండి నంబరు కూడా మార్చాలి. మార్చకుండా దారిలో పన్నుల వాళ్లకు దొరికితే, పన్నుకు రెండింతలు జరిమానా కట్టించే సెక్షన్ ఉంది. గోడౌన్ సూపర్‌వైజర్ కొత్త నంబరును ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఈ-వే బిల్లులు చూసే అకౌంట్స్ ఆయన దాన్ని చూడలేదు. నకిరేకల్ దగ్గర పన్నుల వాళ్లు బండి ఆపేశారు.

“మెసేజ్ పెట్టాను కదండీ!” అని సూపర్‌వైజర్.

“మెసేజ్ పెట్టి చేతులు దులుపుకుంటే ఎలాగయ్యా, ఒక్క ఫోన్ కొట్టొద్దూ?” అని అకౌంట్స్ ఆయన.

“ఫోన్ చేస్తే, పనిలో ఉన్నా, మెసేజ్ పెట్టు అని మొన్న మీరే కసిరారు.”

అదీ నిజమే. పైగా ఆ గ్రూపులో బండి నంబరుకు ముందు ఎవరిదో పెళ్లిరోజు శుభాకాంక్షలు, వెనక వరసగా కేకులు, పూలగుత్తులు. వాటి మధ్య లారీ నంబరు కనిపించాలంటే పోలీసు కుక్కను తేవాలి. ‘బండి మారితే ఫోన్ చేయాలి’ అని ఒక్క ముక్క అనుకుంటే ఆ పూటకు సరిపోయేది. కానీ ఒక్క ముక్కతో సరిపోతే ఇక మేనేజ్‌మెంటు ఎందుకు? కమిటీ వేశారు.

కమిటీ ముందుకొచ్చిన మొదటి అంశం: మెసేజ్ చూసినట్టు ఎలా తెలియజేయాలి. బొటనవేలు బొమ్మ పెడితే చాలు కదా అన్నారు హెచ్ఆర్ మేడమ్. సేల్స్ మేనేజర్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “బొటనవేలంటే చూశాననా, ఒప్పుకున్నాననా, చేసేశాననా?”

నవ్వి తీసిపారేయదగ్గ ప్రశ్న కాదిది. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక రైతుకు ధాన్యం కొనే కంపెనీ అవిసె గింజల కాంట్రాక్టు ఫోన్లో పంపితే, ఆయన బొటనవేలు పెట్టి ఊరుకున్నాడు. కాగితం అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు. కాదు, అది సంతకంతో సమానమే అంది అక్కడి కోర్టు 2023లో. సరుకు తోలనందుకు 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. అక్షరం రానివాళ్లు ఒకప్పుడు మన రిజిస్ట్రారు ఆఫీసుల్లో వేసే వేలిముద్రే ఇది. ఇప్పుడు ఎంబీఏ చదివినవాళ్లు వేస్తున్నారు, సిరా అంటకుండా. ఏకలవ్యుడు ఒక్కసారి ఇచ్చి ఊరుకున్నాడు, వీళ్లు రోజుకు నలభైసార్లు సమర్పించుకుంటున్నారు.

సరే, చూస్తే బొటనవేలు, చేస్తానంటే నమస్కారం, చేసేస్తే పచ్చ టిక్కు అని ప్రతిపాదన వచ్చింది. అకౌంట్స్ ఆయన ఒప్పుకోలేదు. గ్రూపులో అందరూ వరసగా నమస్కారాలు పెడితే ఎవరో పోయారనుకుంటాం అన్నారు. మరి నిజంగా ఎవరైనా పోతే ఏం పెట్టాలి? అక్కడ సభ దారి తప్పింది. పర్చేజ్ ఆయనకు పాత గాయం గుర్తొచ్చింది. “మా అత్తగారు పోయారని పెడితే బొటనవేలు ఎత్తింది నువ్వే కదయ్యా!” అని డిస్పాచ్ కుర్రాడి మీదకు లేచారు. “చూశాననే అర్థంలో పెట్టాను సార్.” “చూసి సంతోషించావన్నట్టుంది!” అత్తగారు పోయినందుకు ఈయన మాత్రం అంత దుఃఖపడ్డారా అని వెనక వరసలో ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు ఎవరిదో తేల్చడానికి మరో పావుగంట పట్టింది. అప్పటికి సమోసాలు చల్లారిపోయాయి. చివరికి మరణవార్తలకు బొటనవేలు నిషేధం అంటూ మూడో నిబంధన పుట్టింది. ఆ కాగితం మొత్తంలో నాకు నచ్చిన నిబంధన ఇదొక్కటే.

మధ్యలో కొత్తగా చేరిన ట్రైనీ పిల్లాడు చెయ్యెత్తాడు. మెసేజ్ పెట్టినవాళ్లు దాని మీద వేలు నొక్కిపట్టి ‘ఇన్ఫో’ చూస్తే ఎవరెవరు చదివారో ఫోనే చెబుతుందన్నాడు. నీలం టిక్కులు విడిగా మాట్లాడుకునేచోట దాచుకోవచ్చు గానీ గ్రూపుల్లో దాచుకునే వీల్లేదని కూడా చెప్పాడు. అంటే కమిటీకి పనే లేదన్నమాట. “మంచి పాయింటు, తర్వాత చూద్దాం” అన్నారు మేనేజర్ గారు. ఆ పిల్లాడు మళ్లీ నోరు విప్పలేదు. పైకొస్తాడు.

వాయిస్ మెసేజి నిమిషం దాటరాదన్నది నాలుగోది. అకౌంట్స్ ఆయన పొద్దున్నే వంటింట్లో నిలబడి పంపే వాయిస్ మెసేజిల్లో జీఎస్టీ సంగతి కన్నా కుక్కర్ విజిల్ స్పష్టంగా వినబడుతుందట. మిస్డ్ కాల్ ఇవ్వరాదన్నది అయిదోది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యేదాకా ఎత్తినా డబ్బులు పోయే రోజుల్లో, ఒక మిస్డ్ కాల్ వస్తే బస్సెక్కినట్టు, రెండొస్తే దిగినట్టు అని జనం ఏ కమిటీ లేకుండానే తేల్చుకున్నారు. ఆ జనానికి హెచ్ఆర్ డిపార్ట్‌మెంటు లేకపోవడం కలిసొచ్చింది.

ఏడోది గట్టిది. ‘వాట్సాప్‌లో వచ్చిన ఆదేశము లిఖితపూర్వక ఆదేశముగానే పరిగణింపబడును.’ దీనికి న్యాయశాస్త్రం అండ లేకపోలేదు. 2018లో బొంబాయి హైకోర్టు ఒక క్రెడిట్ కార్డు బాకీ కేసులో, వాట్సాప్‌లో పంపిన నోటీసు అవతలి మనిషి తెరిచి చూసినట్టు టిక్కులే చెబుతున్నాయి కాబట్టి అందినట్టే అంది. అయితే 2025 జనవరిలో సుప్రీంకోర్టు, విచారణకు రమ్మనే నోటీసులు పోలీసులు వాట్సాప్‌లో పంపితే కుదరదంది. నిందితుడికి ఉన్న ఈ భాగ్యం సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కు లేదు. అతనికి రాత్రి పదింటికి ‘రేపు ఏడుకల్లా ఖమ్మంలో ఉండాలి’ అని వస్తే అందినట్టే, చదివినట్టే, ఎగిరి గంతేసినట్టే.

తొమ్మిదోది చదివితే కాసేపు కంపెనీ మీద గౌరవం కలుగుతుంది. ఆఫీసు వేళలు దాటాక ఫోన్ చేయరాదట. కింది వాక్యం చదివేదాకానే. ‘అత్యవసర సందర్భములు మినహా. ఏది అత్యవసరమో పై అధికారి నిర్ణయించెదరు.’ ఫ్రాన్సులో యాభై మందికి పైగా పనిచేసే కంపెనీలు ఈ విషయం ఉద్యోగులతో కూర్చుని మాట్లాడుకోవాలని 2017 నుంచి చట్టమే ఉంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి చట్టమే 2024 ఆగస్టులో తెచ్చారు. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లోనే దీని మీద ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. బహుశా ఎవరో దానికి బొటనవేలు పెట్టి ఊరుకుని ఉంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పన్నెండోది యథాతథంగా ఇస్తున్నాను.

‘డ్రైవర్లు ఫోన్ ఎల్లవేళలా ఆన్‌లో ఉంచవలెను. ఆఫీసు నుండి కాల్ వచ్చినచో మొదటి రింగుకే ఎత్తవలెను. ఎత్తనిచో ప్రతి కాల్‌కు రూ. 200 కోత.’

దీని మీద చర్చ జరగలేదు. అభ్యంతరం రాలేదు. బొటనవేలికి అర్థమేమిటని అంతసేపు తన్నుకున్న మహానుభావులందరూ దీన్ని ఏకగ్రీవంగా, ఒక్క నిమిషంలో పాస్ చేశారు. డ్రైవర్లను మీటింగుకు పిలవలేదు కాబట్టి అడిగేవాళ్లు లేరు. వాళ్లు గ్రూపులోనూ లేరు.

బండి నడుపుతూ చేత్తో ఫోన్ పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద అది ప్రమాదకరమైన డ్రైవింగ్. 2019 సవరణ ప్రకారం మొదటిసారి దొరికితే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఎత్తితే సర్కారు శిక్ష, ఎత్తకపోతే కంపెనీ కోత. అర్ధరాత్రి దాటాక చిట్యాల, నార్కట్‌పల్లి దాటి పైపుల లోడుతో వెళ్లే మనిషి ముందు వెనక లైట్లు లేని ట్రాక్టరు ఉంటుంది, రోడ్డు పక్కన చెడిపోయి నిలబెట్టిన లారీ ఉంటుంది. ఆ క్షణంలో “ఎక్కడున్నావ్?” అని అడగడానికి ఫోన్ చేసి, రెండో రింగుకు ఎత్తాడని 200 కోస్తారా? ఎత్తబోయి ఏ బండి కిందో పోతే అప్పుడు గ్రూపులో ఏ బొమ్మ పెడతారు? మూడో నిబంధన ఉంది కదా, పద్ధతిగా పెడతారు కాబోలు! ఇది ప్రోటోకాల్ కాదు, మనుషుల్ని చంపే కాగితం. దాని కింద సంతకం పెట్టడానికి ముగ్గురికి చెయ్యెలా వచ్చింది?

ఇంకో సంగతి కమిటీ కాగితంలో ఎక్కడా లేదు. ఆ రాత్రి నకిరేకల్ దగ్గర బండి ఆపిన వెంటనే ఆ డ్రైవరు ఫోన్ చేశాడు. తన సొంత ఫోన్, తను వేయించుకున్న రీఛార్జి. సూపర్‌వైజర్ ఫోన్ సైలెంట్‌లో ఉంది. అకౌంట్స్ ఆయన నిద్రపోయారు. మేనేజర్ గారు మెలకువగానే ఉన్నారట గానీ తెలియని నంబరని ఎత్తలేదట. తన కంపెనీ బండి తోలే మనిషి నంబరు ఆయన ఫోన్లో లేదు! ఆ గొడవ మొత్తంలో ఫోన్‌ను ఫోన్‌లా వాడినవాడు అతనొక్కడే. ఫోన్ ఎత్తనివాళ్లు ముగ్గురు కూర్చుని, ఫోన్ ఎత్తకపోతే కోత అని అతనికి రాశారు. పైగా సరుకు ఆలస్యంగా చేరిందని ఆ రోజు బత్తా కట్ చేశారు. రాత్రంతా బండిలో పడుకుని సరుకు కాపలా కాసినందుకు హాల్టింగ్ కూడా ఇవ్వలేదు.

కమిటీ మళ్లీ కూర్చోబోతోందట, స్టిక్కర్ల సంగతి పెండింగులో ఉందని. కూర్చోండి. ముందు ఆ పన్నెండోది కొట్టేసి, అతని బత్తా, హాల్టింగ్ ఇచ్చేయండి. వచ్చే నెల జీతంలో కలిపి కాదు, ఇవాళే, ఫోన్లోనే పంపండి. నంబరు మీ దగ్గర లేకపోతే గోడౌన్లో ఏ హమాలీని అడిగినా చెబుతాడు.