1950 ప్రపంచకప్‌కు మనవాళ్లు వెళ్లనిది బూట్లు లేక కాదు

ఫుట్‌బాల్ ప్రపంచకప్ దగ్గర పడిందంటే చాలు, ఈ మెసేజ్ పాత బాకీవాడిలా మళ్లీ తలుపు తడుతుంది. ఈసారి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది మావయ్య. "1950లో భారత్ ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. మన ఆటగాళ్లు పేదవాళ్లు, బూట్లు కొనుక్కోలేరు. వట్టి కాళ్లతో ఆడతామంటే ఫిఫా వద్దంది. మనవాళ్లు ఆత్మాభిమానంతో వెళ్లడం మానేశారు. వెళ్లుంటే కప్పు మనదే! గర్వంగా షేర్ చేయండి." కింద బూట్లు లేని ఆటగాళ్ల నలుపు తెలుపు ఫొటో. పెద్దాయనతో గ్రూపులో వాదన బాగుండదని అప్పటికి ఊరుకున్నాను. కానీ ఆ నాలుగు ముక్కల్లో నిలబడేది ఒక్కటీ లేదు.

ముందు ఆ ఫొటో సంగతి. అది 1948 లండన్ ఒలింపిక్స్ నాటిది. ఆ జులై 31న ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడిపోయాం. రెండు పెనాల్టీలు వృథా చేసుకోకపోతే కథ వేరుగా ఉండేది. ఆ మ్యాచ్‌లో మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతో, పాదాలకు కట్లు కట్టుకుని ఆడారు. కొందరు మాత్రం బూట్లు వేసుకున్నారు. జట్టులో కొందరి దగ్గర ఉండి, మిగతావాళ్లు కొనుక్కోలేకపోయారనుకుందామా? నాటి కెప్టెన్ తలిమెరెన్ ఆవో కలకత్తాలో డాక్టరు చదువు చదువుతున్న మనిషి. అసలు అది అలవాటు. 1911లో బ్రిటిష్ సైన్యపు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ టోర్నీ గెలిచిన కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ జట్టులో బూట్లు వేసుకున్నది ఒక్కడే. ఎండకు గట్టిపడ్డ నేల మీద బంతి వట్టి కాలికి బాగా అందుతుంది, వేళ్లతో తిప్పుకోవచ్చు. వాన పడి నేల బురదయితే మాత్రం జారిపడక తప్పదు. ఆడేవాళ్లకు ఈ రెండూ తెలుసు.

ఇక ఫిఫా వద్దందన్న మాట. మెసేజ్ మొత్తం దీని మీదే నిలబడింది, కూలేదీ ఇక్కడే. 1952లో మనవాళ్లు హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ జరిగేది కూడా ఫిఫా నియమాలతోనే. అక్కడ కూడా మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే దిగారు. ఆ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. వట్టి కాళ్ల వల్లే 1950లో ఆపేశారంటే, రెండేళ్ల తర్వాత అవే కాళ్లను ఎలా రానిచ్చారు? బూట్లు తప్పనిసరి అని మన ఫుట్‌బాల్ సమాఖ్య గట్టిగా అన్నది ఈ ఓటమి తర్వాతే.

మరి 1950లో సమాఖ్య ఏ కారణాలు చెప్పింది? ప్రాక్టీసుకు సమయం చాలదు, జట్టు ఎంపికలో అభిప్రాయభేదాలు. బూట్ల ఊసే లేదు. వెళ్లుంటే కెప్టెన్ అయ్యేవాడు శైలేన్ మన్నా. తమకు అప్పట్లో ప్రపంచకప్ గురించి పెద్దగా తెలియదని, ఒలింపిక్సే సర్వస్వమని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పాడు. బూట్ల కథ అసలు కారణాలను కప్పిపుచ్చడానికేనని కూడా అన్నాడు. కెప్టెనే అలా అన్నాక నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

డబ్బులు లేకే వెళ్లలేదనేవాళ్లూ ఉన్నారు. ప్రయాణం ఖర్చులో చాలా భాగం భరిస్తామని ఆ ప్రపంచకప్ జరిపిన బ్రెజిల్ నిర్వాహకులు ముందుకొచ్చారు. దూరం మాత్రం దూరమే. 1949లో ఇటలీ క్లబ్బు టొరినో జట్టును విమాన ప్రమాదం బలి తీసుకున్నాక ఇటలీవాళ్లు ఓడెక్కి మరీ బ్రెజిల్ వెళ్లారు. వెళ్లాలనుకున్నవాళ్లు అలా వెళ్లారు.

"అర్హత సాధించింది" అన్న ముక్క చూస్తే నవ్వొస్తుంది. బర్మా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్కసారి బంతి తన్నకుండానే మనకు చోటు దొరికింది.

కప్పు మనదే అన్నారు కదా, మనల్ని వేసిన గ్రూపు చూడండి: స్వీడన్, ఇటలీ, పరాగ్వే. అంతకుముందు రెండు ప్రపంచకప్‌లు గెలిచింది ఇటలీ. ఆ ఇటలీని 3-2తో ఓడించిన స్వీడన్ చివరికి మూడో స్థానంలో నిలిచింది. అప్పట్లో మన దేశంలో మ్యాచ్ అంటే 70 నిమిషాలే. అక్కడ 90 నిమిషాలు పరుగెత్తాలి. పరువు నిలబెట్టుకునేవాళ్లమేమో గానీ కప్పు మాట ఎక్కడిది?

అలాగని మన జట్టు తీసిపారేయదగ్గది కాదు. మరుసటి ఏడాదే ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు దేశవాళీ టోర్నీ రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆయన కోచింగ్‌లోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1 గెలుపుతో మళ్లీ ఆసియా బంగారం వచ్చాయి. వాట్సాప్‌లో గర్వంగా షేర్ చేసుకోవడానికి ఇది చాలదా? ఎందుకో ఇవి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

నాకు చిరాకు ఎక్కడంటే, కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు తీసుకున్న నిర్ణయాన్ని ఈ మెసేజ్ ఆటగాళ్ల కాళ్ల మీదికి నెట్టేస్తుంది. పైగా దానికి ఆత్మాభిమానం అని పేరు. 1954 ప్రపంచకప్‌కు మనం పంపిన ఎంట్రీని ఫిఫా తిరస్కరించింది. ఆ తర్వాత క్వాలిఫయింగ్ మ్యాచ్ అంటూ ఒకటి ఆడింది 1985లో. అప్పటికి అందరి కాళ్లకూ బూట్లున్నాయి.