చాపలకంటే ముందు కుర్చీలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం... ఒడిశాలో ఏ ఊళ్లో చూసినా మన తెలుగు సంఘాల యోగా ఒకే తీరు. యోగా దినం, జూన్ 21 పొద్దున్న ఐదున్నరకి కల్యాణ మండపం, వరసగా రంగు చాపలు, ముందు వరసలో పెద్దమనుషులు, వెనక ‘అందరికీ ఆహ్వానం’ అని గుడ్డ. వచ్చేది మాత్రం రిటైరైన ఉద్యోగులు, దుకాణాల వాళ్లు, వాళ్ల పిల్లలు. ఆ వేళకి మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు చీపురు పట్టుకుని వీధిలో ఉంటారు. గోపాలపురం వాడబలిజ ఆడవాళ్లు పడవల దగ్గర చేపల బేరంలో ఉంటారు. వాళ్లకి ఆసక్తి లేదని తేల్చేయడం అన్యాయం. ముందు మార్చాల్సింది వేళ, తర్వాత చోటు. ఆసనాల సంగతి ఆ తర్వాత.

సాయంత్రం నాలుగున్నర తర్వాత, భోజనమై మూడు గంటలు గడిచాక పెట్టుకోవచ్చు. గుడి మండపం ఉచితంగా దొరుకుతుంది, నిజమే. నెలసరిలో ఉన్నామెకి, గజపతి జిల్లా క్రైస్తవ సవర కుటుంబాలకి, తరాలుగా గడప బయటే ఆగినవాళ్లకి అది ఉచితం కాదు. బడి వరండా మేలు. ఆడవాళ్లిటు, మగవాళ్లటు అని వరసలు విడదీస్తే హిజ్రాలు ఎక్కడ నిలబడాలో చెప్పేవాళ్లుండరు. అర్ధవృత్తంగా కూర్చోబెడితే ఆ ప్రశ్నే రాదు.

ఇక డబ్బు. సంఘం చేతిలో కొంచెమే ఉంటే చాపలు కొనకండి, కుర్చీలు కొనండి. యాభై దాటిన మోకాలు నేలమీదికి దిగడానికే భయపడుతుంది. చీర కట్టుకున్నామె లేచేటప్పుడు అందరూ చూస్తారేమోనని ఇంకా భయపడుతుంది. చేతుల్లేని, నిటారు వీపున్న కుర్చీ కావాలి, సీటు ఎత్తు పదిహేడు పద్దెనిమిది అంగుళాలు. పెళ్లిళ్లకి అద్దెకిచ్చే ప్లాస్టిక్ కుర్చీలు నున్నటి నేలమీద కాళ్లు చాచేస్తాయి, అందుకని కుర్చీ వీపు గోడకి ఆనించాలి. మడత ఇనప కుర్చీలో అంచుమీద కూర్చుంటే వెనక కాళ్లు లేస్తాయి. పాదాలు నేలకి అందనివాళ్లకి కింద ఇటుకలు పెట్టండి. వేలాడే కాళ్లతో నడుం నొప్పి తగ్గదు, పెరుగుతుంది.

నలభై అయిదు నిమిషాల్లో మొదటి పది నిమిషాలు చీలమండలకి, మణికట్లకి, భుజాలకి. తర్వాత లేచి కూర్చోవడం: పాదాలు కొంచెం వెనక్కి లాక్కుని, ఛాతీ ముందుకు వంచి, ఊపిరి వదులుతూ లేవాలి, మెల్లగా కూర్చోవాలి. ఎనిమిదిసార్లు చాలు. చూడ్డానికి ఏమంత ఉండదు గాని, ముసలితనంలో మరుగుదొడ్డికి ఒకరి సాయం లేకుండా వెళ్లగలగడం దీనిమీదే ఆధారపడి ఉంటుంది. ఫొటోలో శీర్షాసనం బాగా పడుతుందని దీన్ని వదిలేయకండి.

పనిని బట్టి ఒళ్లు. బరంపురం పట్టు నేతగాడు పొద్దంతా మగ్గం మీదికి వంగే ఉంటాడు; అతనికి పశ్చిమోత్తానాసనం ఇస్తే వంగినవాణ్ణి మళ్లీ వంచినట్టే. తువ్వాలు చుట్టి వీపు పైభాగాన, అడ్డంగా పెట్టి మూడు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టండి. చేపల తట్ట తలమీద మోసేవాళ్లకి సర్వాంగాసనం, హలాసనం వద్దు. మెడ చేసే చాకిరీ అప్పటికే ఎక్కువ.

ముందే ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి అడగాలి, నలుగురిలో కాదు. రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా, గర్భం ఉంటే ఊపిరి గట్టిగా, వేగంగా ఆడించే కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగపట్టడం లేవు. కంటి నరం దెబ్బతినే గ్లాకోమా ఉంటే తల కిందికి వంచే ఆసనం ఏదీ లేదు. షుగరు మందు వేసుకుని ఏమీ తినకుండా వచ్చినవాళ్లు వణికి, చెమట్లు పడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంట ఆగి చూడాలి. కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు) ఉన్నవాళ్లు వస్తారు. అలసట, చలి, నీళ్లు తాగకపోవడం, ఈ మూడూ వాళ్లకి నొప్పులు రేపుతాయి. పావుగంటకోసారి అందరితోపాటు నీళ్లు ఇవ్వండి. బోదకాలున్నవాళ్లని చెప్పులు విప్పమని బలవంతపెట్టకండి, పగుళ్లలోంచి చీము పట్టే జబ్బు అది. విశ్రాంతి వేళ కాలు కుర్చీమీద ఎత్తిపెట్టుకోనివ్వండి.

మంత్రాల మాట ఎత్తితే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. యోగా దినానికి కేంద్ర ఆయుష్ శాఖ ఇచ్చిన ప్రోటోకాల్ ‘సంగచ్ఛధ్వం’ అనే వేదమంత్రంతోనే మొదలవుతుంది. సూర్య నమస్కారాలు మాత్రం అందులో లేవు, అయినా మన దగ్గర అవి లేకపోతే యోగా కాదంటారు. పఠించేవాళ్లు పఠించనీ, మిగతావాళ్లు ఊరకుండనీ; ఊరకున్నవాళ్లవైపు గురువుగారు చూడకుండా ఉంటే చాలు. సూచనలు మాత్రం మోకాలు, మడమ, నడుం అనే మాటల్లో, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్పాలి. ఒడియాలో ‘ధీరే ధీరే’ (మెల్లగా), ‘ఆఉ థరే’ (ఇంకోసారి) వస్తే సగం పని అయినట్టే. రెండుసార్లు చెప్పడంవల్ల వేగం తగ్గుతుంది, అదీ లాభమే.

ఒళ్లు ముట్టుకుని సరిదిద్దే అలవాటు మానాలి. చాప మూల మడిచి ఉంటే ముట్టుకోవద్దని అర్థం అని ముందే చెప్పుకోవాలి. కుర్చీవాళ్లు అదే గుర్తుగా కుర్చీ వీపుమీద రుమాలు వేసుకుంటారు. కారణం అడగకూడదు.

మనసు తేలికపరుచుకునే కూడికలకి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ముంచింది. గాలి హోరెత్తితే ఇప్పటికీ గుండె దడదడలాడేవాళ్లున్నారు. శవాసనంలో అలాంటివాళ్లని కళ్లు మూసుకోమనకండి. తలుపు కనబడేలా పక్కకి తిరిగి, కళ్లు తెరుచుకుని పడుకోవచ్చు. మూడు లెక్కపెట్టేలోపు ఊపిరి తీసి, అయిదు లెక్కపెడుతూ వదలడం చాలు.

తర్వాత మాట్లాడుకోవాలనుకుంటే పదిమందికి మించకుండా కూర్చోండి. ‘నేను చెప్పను’ అనే హక్కు అందరికీ ఉంది. జరిగింది మొదట్నుంచి చెప్పించి ఏడిపిస్తే బరువు దిగుతుందనే నమ్మకం మనవాళ్లలో గట్టిది. బలవంతాన చెప్పిస్తే కొందరికి భయం ఇంకా ముదురుతుంది. సలహాలొద్దు, విన్నది బయట చెప్పొద్దు. నిద్రే పట్టనివాళ్లు, చావాలనిపిస్తోందన్నవాళ్లు ఎదురైతే యోగా గురువు పని అక్కడితో అయిపోయింది: వాళ్లని ఒంటరిగా వదలకుండా మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కి ఫోన్ కలపాలి, జిల్లా ఆసుపత్రికి తోడు వెళ్లాలి. ఆ నంబరు మంచినీళ్ల కుండ దగ్గర గోడమీద తెలుగులో, ఒడియాలో రాసిపెడితే ఎవరినీ అడక్కుండా చూసుకుంటారు.