ముక్కుకి రెండు గ్రాములు

(పర్లాకిమిడిలో ఓ ఇంటి పెరడు. మంచం నిండా ప్రింటు కాగితాలు, గమ్ము డబ్బా, అరంగుళం పీవీసీ గొట్టం.)

గౌరమ్మ: ముక్కుకి రెండు గ్రాములు పెట్టాలని ఫోన్లో అన్నారేటి?

సింహాచలం: అన్నాను. చాలకపోతే మూడు.

గౌరమ్మ: మూడే! నలభయ్యేళ్ళు బోసిముక్కుతో తిరిగాక ఇప్పటికి బుద్ధొచ్చిందా?

సింహాచలం: నీ ముక్కు కాదే. ఇది వేరే ముక్కు.

గౌరమ్మ: వేరేదా! ఎవర్తిదీ?

సింహాచలం: (కాగితం చుడుతూ) కోసుగా ఉంటాది. ముక్కు తేలిక, వెనక బరువు. అలాగైతే గాల్లో పల్టీ కొట్టేస్తాది.

గౌరమ్మ: ఓలమ్మో, నా ఎదురుగానే వర్ణన!

సింహాచలం: రాకెట్టే, రాకెట్టు! గుంటడు పంపిన నమూనా ప్రింటు తీసి చేసే కాగితం రాకెట్టు. ముక్కులో పెట్టేది మట్టి, బంగారం కాదు.

గౌరమ్మ: అయ్యో. కంసాలికి కబురెట్టేశాను. ఐదింటికొస్తాడు. పక్కింటి ఒడియా ఆవిడ కూడా చూడ్డానికొస్తంది.

సింహాచలం: ఐదింటికి నేను ఎగరెయ్యాల!

గౌరమ్మ: నిన్నటిది ఎగిరిందేటి?

సింహాచలం: పాతపట్నంలో ప్రింటు తీసినవాడు పేజీకి సరిపెట్టేశాడు. భాగాలన్నీ కుంచించుకుపోయి గొట్టానికి ఎక్కలేదు. నూటికి నూరు శాతం సైజుకి తియ్యమని చెప్పాల.

గౌరమ్మ: నా జాకెట్టు కొలత కూడా మీరలాగే చెప్పొచ్చారు.

సింహాచలం: రెండోదానికి గమ్ము తడి తగిలి రంగు కారిపోయింది. ఇంక్‌జెట్ ప్రింటు కదా. లేజరైతే కారదు.

గౌరమ్మ: వానలో మీ తల రంగులాగ.

సింహాచలం: ఇప్పుడు చూడు. గొట్టం మీద ముందొక ఉత్త కాగితం చుట్టాను. దాని మీద ఏ4 కాగితం మూడు చుట్లు వచ్చింది. అతికించాక లోపలి కాగితం లాగేస్తే ఆ సందుతోటి సులువుగా జారతాది. రెక్కలు మూడు. సమానంగా రావాలంటే ఓ పట్టీ రాకెట్టు చుట్టూ తిప్పి, కోసి, మూడు సమాన భాగాలొచ్చేలా మడతెయ్యి. మళ్ళీ చుడితే మడత పడ్డ రెండు చోట్లా, కొసలు కలిసిన చోటా రెక్కలు.

గౌరమ్మ: మడతలు మా పప్పు జాడీ మూతకి కూడా వేశారు, ఇంకా ఊడుతోంది.

సింహాచలం: ముక్కు టేపుతో బాగా మూసెయ్యాల. చిన్న చిల్లున్నా గాలంతా అటే పోతాది, రాకెట్టు కదలదు.

గౌరమ్మ: రాత్రంతా మీ ముక్కులోంచి గాలే. మీరు కదిలితే కదా!

సింహాచలం: (దారం కడుతూ) సమతూకం దొరికిన చోట దారం కట్టి తల చుట్టూ తిప్పాల. ముక్కు ముందుకెళ్తే బాగున్నట్టు. తోక ముందుకొస్తే ముక్కుకి బరువు పెంచాల, లేదంటే రెక్కలు పెంచాల... చూశావా, తోకే ముందుకొచ్చింది! కాగితం మొత్తం 5 గ్రాములు, రెండు గ్రాముల మట్టి చాలు. ఎక్కువైతే పైకి లేవదు.

గౌరమ్మ: చెంబుతో కొలుస్తారా?

సింహాచలం: నవ్వకే. 1963 నవంబరు 21న కేరళలో తుంబా రాకెట్టు కేంద్రం నుంచి తొలి రాకెట్టు ఎగిరింది. ఆ తొలిరోజుల్లో రాకెట్టు ముక్కుని సైకిలు మీద మోసేవారు.

గౌరమ్మ: ముక్కుకి సైకిలు సవారీ! నా ముక్కుకి కంసాలి కొట్టు దాకా నడక కూడా లేదు.

(కంసాలి వచ్చాడు. చంకలో తూకం పెట్టె.)

గౌరమ్మ: రా నాయనా. రెండు గ్రాములు తూచు. బంకమట్టి.

(కంసాలి ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూసి తూచాడు. ముక్కులో కూరారు. దారం తిప్పితే ఈసారి ముక్కే ముందుకెళ్ళింది.)

సింహాచలం: రెండు లీటర్ల సీసా గొట్టానికి తగిలించాను, అతుకు చుట్టూ సైకిలు ట్యూబు బిగించాను. సీసా మీద గట్టిగా తొక్కడమే, గాలి గొట్టంలోంచి రాకెట్టుని తన్నేస్తాది. గొట్టం మీదకి ఎవరూ మొహం పెట్టకండి!

గౌరమ్మ: ఆగండి. ఆ మోకాలేసుకుని తొక్కుతారా? రేపు కాపడం పెట్టేది నేనే. తప్పుకోండి.

(ఒక్క తొక్కు. ఫట్! కొబ్బరిచెట్టు తల దాటి, ఒడియా ఆవిడ డాబా మీద పడింది.)

సింహాచలం: ఎగిరిందే గౌరీ! అయ్యో, ముక్కు చితికిపోయింది.

గౌరమ్మ: ఇంకో రెండు గ్రాములు తూచమందునా?

(కంసాలి పెట్టె సర్దుకుంటున్నాడు.)

సింహాచలం: ఉండుండు బాబూ. మట్టి కాదులే. మూడు తూచు.