సెక్షన్ 150 గుర్రం గారికి బహిరంగ లేఖ

గుర్రం గారికి నమస్కారాలు.

మీ చిరునామా పట్టుకోవడం కష్టం కాలేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872. ఒకరి వస్తువు ఇంకొకరి చేతికిస్తే ఎవరి బాధ్యత ఎంతో చెప్పే తొమ్మిదో అధ్యాయం, సెక్షన్ 150, ఉదాహరణ (ఎ). ఆ చట్టం అదే ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది కాబట్టి మీ వయసు కూడా సుమారుగా తెలుసు. మీ కథ నాలుగు ముక్కల్లో అయిపోతుంది. ‘ఎ’ గారు మిమ్మల్ని ‘బి’ గారికి అరువిస్తారు. మీరు పొగరుబోతని ‘ఎ’కి తెలుసు, కానీ చెప్పరు. మీరు పారిపోతారు. ‘బి’ కిందపడి దెబ్బలు తగిలించుకుంటారు. నష్టపరిహారం ‘ఎ’ ఇచ్చుకోవాలి.

మీరు ఎటు పారిపోయారో, ఎవరైనా పట్టి తెచ్చారో లేదో చట్టం ఒక్క ముక్క రాయలేదు. దేశంలో లా చదివినవాళ్లందరూ మిమ్మల్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నారు తప్ప ఒక్కరూ వెతకలేదు. తెల్లవాళ్లు పోయారు, రాజ్యాంగం వచ్చింది. ఆ చట్టంలోంచే సరుకుల అమ్మకాన్ని 1930లో, భాగస్వామ్యాన్ని 1932లో పీకి వేరే చట్టాలు చేశారు. మిమ్మల్ని మాత్రం ఎవరూ కదపలేదు. కదిపితే తంతారని భయపడి ఉంటారు.

ఇక నా సంగతి. నేను ‘బి’ తరఫు మనిషిని. మా బావమరిదే ఆ ‘బి’. వాడి పెళ్లికి బారాత్‌లో గుర్రం కావాలన్నారు. హైదరాబాద్‌లో బారాత్‌ గుర్రాలు అద్దెకు దొరుకుతాయి. అలంకరణతో, పక్కన కళ్లెం పట్టుకుని నడిచే మనిషితో సహా వస్తాయి. బేరం కూడా అయిపోయింది. అంతలో వాడి స్నేహితుడొకడు ఊడిపడ్డాడు. ఊరి బయట ఫామ్‌హౌస్, అందులో గుర్రం ఉన్న స్నేహితుడు. “మన గుర్రం ఉండగా అద్దెకెందుకురా? బంగారంరా అది! మా పాప కూడా ఎక్కుతుంది.”

పాప ఎక్కుతుందన్న మాట అందరికీ వినిపించింది. పాప ఎక్కినప్పుడు పక్కన డీజే లేదని, కాళ్ల కింద పదివేల వాలా పేలలేదని, ముందూ వెనకా మా పెదనాన్న కొడుకులు డాన్సు చేయలేదని ఎవరికీ తట్టలేదు.

ఇక్కడే మీ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. డబ్బు తీసుకుని అద్దెకిచ్చినవాడు గుర్రంలోని లోపం తనకు తెలియదంటే చెల్లదు, తెలిసినా తెలియకున్నా పరిహారం కట్టాల్సిందే. ఉచితంగా ఇచ్చినవాడైతే తనకు తెలిసిన లోపం దాచినప్పుడే దొరుకుతాడు. అంటే పైసా తీసుకోని స్నేహితుడి గుర్రం కన్నా రొక్కం పుచ్చుకున్న ముక్కూ మొహం తెలియనివాడి గుర్రమే చట్టం దృష్టిలో మనకు భద్రం. ఏ స్నేహితుడికి తన గుర్రం లోపం తెలుస్తుంది చెప్పండి? కాకి పిల్ల కాకికి ముద్దు. మీరు కరిస్తే ఆటలాడుతున్నారంటాడు, తంతే ఈగ వాలిందంటాడు, వెనక కాళ్ల మీద లేస్తే “చూశారా బావగారూ, ఎంత హుషారో!” అంటాడు. ఇదంతా వాడు నిజంగానే నమ్ముతాడు. నమ్మినవాడి మీద ఏ కోర్టులో ఏం రుజువు చేస్తాం?

మీ తప్పేమీ లేదని నాకు తెలుసు. మీ కళ్లు తలకు అటొకటి ఇటొకటి ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూరా చూడగలరు. కనిపించనిది రెండు చోట్లే. నుదుటికి సరిగ్గా ఎదురుగా ఉన్నదీ, తోకకు సరిగ్గా వెనక ఉన్నదీ. మన బారాత్‌లో జనం ఎక్కడ ఎగురుతారు? సరిగ్గా ఆ రెండు చోట్లే. జీను పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించి, బిగించినవాడు అటు వెళ్లగానే వదిలేసే అలవాటు మీలో కొందరికి ఉంది. మీకూ ఉంది. ఆ సాయంత్రం మీ చెవులు రెండూ వెనక్కి మడిచి తలకు అతికించినట్టు పెట్టారు. తోక గాలి లేకుండానే కొట్టుకుంటోంది. భుజం మీద చర్మం వణుకుతోంది. ఇదంతా కనిపిస్తూనే ఉంది, కానీ ఫొటోగ్రాఫర్‌తో సహా అందరూ పెళ్లికొడుకు తలపాగానే చూస్తున్నారు. రెండో పాట మొదలయ్యేసరికి జీను పక్కకు జారడం మొదలైంది. దానితోపాటు షేర్వాణీ. షేర్వాణీలో మా వాడు. గబుక్కున పడితే అయ్యో అనేవాళ్లు. వాడు గడియారం ముల్లులా నెమ్మదిగా వంగుతూ వచ్చేసరికి అదో స్టెప్పనుకుని ఈలలు వేశారు. వీడియోలో ఆ ఈలలు ఇప్పటికీ వినిపిస్తాయి. మీరు పారిపోయారు. చట్టంలో రాసినట్టే పారిపోయారు, అందులో మీకు వంక పెట్టను.

దొరికింది ఫంక్షన్‌హాల్ వెనక, వంటవాళ్ల దగ్గర. అప్పటికే మీకు జిలేబీలు పెట్టారు. మిగిలిన అన్నం గిన్నెతో పెట్టారు. పెళ్లికొచ్చిన గుర్రానికి మర్యాద చేయకపోతే ఎలా అనుకున్నారు పాపం. అలవాటు లేని తిండి ఒక్కసారిగా పడితే గుర్రానికి ప్రాణం మీదికొస్తుందని, మీ జాతి వాంతి చేసుకోలేదని వాళ్లకు ఎలా తెలుస్తుంది? మేం తిన్నది పడకపోతే బయటికొస్తుంది. మీకు ఆ దారి లేదు, లోపలే ఉండి మెలిపెడుతుంది. అర్ధరాత్రికి మీరు మాటిమాటికీ మీ డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, కాలితో పొట్ట తన్నుకుంటూ, దొర్లబోతూ, చెమటలు కక్కుతూ ఉంటే, తలంబ్రాల గింజలు జుట్టులోంచి ఇంకా రాలుతున్న పెళ్లికొడుకు పార్కింగ్‌లో మిమ్మల్ని పట్టుకుని నడిపించాడు. పశువుల డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసేదాకా ఒకటే టెన్షన్. ఆ పూట శోభనం ముహూర్తం లేకపోవడం పురోహితుడి ముందుచూపు.

డాక్టరు ఫీజు ఎవరివ్వాలి? సెక్షన్ 151 ప్రకారం మామూలు ఇంగితం ఉన్న మనిషి తన సొంత గుర్రాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో ‘బి’ మిమ్మల్ని అంత జాగ్రత్తగా చూడాలి. అలా చూశాక కూడా ఏదైనా జరిగితే బాధ్యత లేదంటుంది 152. ఈ మాట కోర్టులో చెప్పొచ్చు. తెల్లారి ఆరింటికి గుర్రం కోసం వచ్చి, మీ మెడ నిమురుతూ “ఏం పెట్టార్రా దీనికి?” అని అడిగిన స్నేహితుడి మొహం మీద ఎలా చెప్పడం? ఫీజు మేమే ఇచ్చాం. మా వాడి మోచేతి ఎక్స్‌రేకీ మేమే ఇచ్చుకున్నాం. ఆ పైన ఒక బస్తా ఉలవలు కూడా పంపాం. అద్దె గుర్రానికైతే అద్దెతో సరిపోయేది. అరువు గుర్రానికి ఏమిస్తే సరిపోతుందో ఎవరూ చెప్పరు, అందుకే ఇస్తూనే ఉండాలి.

మీ అధ్యాయం ఆ తర్వాత ఇంకొంత చదివాను, నిద్ర పట్టక. 154లో మీ చుట్టమొకరు కనిపించారు. ‘బి’ ఒక్కడే ఎక్కాలని ఇచ్చిన గుర్రాన్ని వాళ్లింటి మనిషి ‘సి’ ఎక్కుతాడు. జాగ్రత్తగానే నడుపుతాడు, అయినా గుర్రం పొరపాటున పడి దెబ్బ తింటుంది. పరిహారం ‘బి’ ఇవ్వాలి. అదే సెక్షన్‌లో ఇంకో మహానుభావుడు కలకత్తాలో కాశీకని గుర్రాన్ని అద్దెకు తీసుకుని కటక్ వెళ్తాడు. ఎందుకెళ్లాడో వాడికే తెలియాలి. 159 ఇంకా ఘనం. ఉచితంగా ఇచ్చిన వస్తువును ఫలానా పనికి, ఫలానా రోజుదాకా అని ఇచ్చినా సరే, ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి అడగొచ్చు. అంటే బారాత్ చౌరస్తాలో ఉండగా వచ్చి “దిగరా” అనొచ్చు. దానివల్ల ‘బి’కి పొందిన లాభానికి మించి నష్టం జరిగితే ఆ తేడా ‘ఎ’ కట్టాలట. అర కిలోమీటరు గుర్రమెక్కిన లాభం ఎంతో, మిగతా అర కిలోమీటరు ఆటోలో వెళ్లిన నష్టం ఎంతో ఏ జడ్జి లెక్క కడతాడు? మీ వల్ల దారిన పోయేవాడికి ముప్పు వస్తే అసలు ఓనరు ఎవరని ఆగి అడగరు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లనే పట్టుకుంటుంది. ఆ రాత్రంతా మీరు మా స్వాధీనంలోనే ఉన్నారు. ఉన్నారని మీరు ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి.

పుచ్చుకున్నవాళ్లు ఎప్పుడూ అమాయకులేనని నేననను. అరణ్యపర్వంలో శలుడనే ఇక్ష్వాకు రాజున్నాడు. వేటలో జింక తప్పించుకుపోతుంటే వామదేవ మహర్షి దగ్గరికెళ్లి గుర్రాలు అడిగాడు. పని కాగానే తిరిగివ్వాలని చెప్పి మహర్షి ఇచ్చాడు. జింక దొరికింది, గుర్రాలు నచ్చాయి. మునికి గుర్రాలెందుకని రాజు ఉంచేసుకున్నాడు. శిష్యుణ్ణి పంపితే ఇవ్వలేదు. మహర్షి స్వయంగా వస్తే బదులుగా ఎడ్లిస్తానని, గాడిదలిస్తానని బేరమాడాడు. రాక్షసులు వచ్చి రాజును చంపారు. ఆ తర్వాత గద్దెనెక్కిన తమ్ముడు దలుడూ ఇవ్వనన్నాడు, మహర్షి మీద బాణం వేయబోయి కన్నకొడుకును పోగొట్టుకున్నాడు. చివరికి రాణిగారు పూనుకుంటే గుర్రాలు ఇల్లు చేరాయి. రెండు గుర్రాల అరువుకు ఇంత ఖరీదు. సెక్షన్ 161 గడువు దాటాక జరిగే నష్టానికి పరిహారం కట్టమంటుందే గానీ రాక్షసుల్ని పంపదు. ఆ మేరకు చట్టం దయగలదే.

విజయనగరాన్ని ఏలిన మా సాళువ నరసింహరాయలిది ఇంకో దారి. అరబ్బు గుర్రాల కోసం ఆయన వర్తకులకు అడిగినంత ఇచ్చేవాడని, ఓడలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే బతికున్నదానితో సమానంగా డబ్బు చెల్లించేవాడని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసిపెట్టాడు. రాజ్యం ఉన్నవాడు తోకకు డబ్బు కడతాడు. మా బావమరిది ఐటీలో చిన్న ఉద్యోగి.

గుర్రాన్ని అరువడగడమే తప్పంటే పాడేరు, జి.మాడుగుల కొండల్లోని మనుషులు నవ్వుతారు. బండి వెళ్లే రోడ్డు లేని ఊళ్లలో బియ్యం మోసేదీ, సంత సరుకు తెచ్చేదీ మీ చుట్టాలే. పక్కింటి గుర్రాన్ని అడిగేవాడికీ ఇచ్చేవాడికీ దాని బుద్ధి తెలుసు. ఏ వాగు దగ్గర మొరాయిస్తుందో, ఏ వైపు నుంచి ఎక్కాలో ఊరందరికీ తెలుసు. అక్కడ ‘ఎ’ దాచడానికి ఏమీ ఉండదు. ఫొటో కోసం అడిగినప్పుడే, ఫొటో కోసం పెంచినప్పుడే మీ ఉదాహరణ (ఎ)తో పని పడుతుంది.

మీ మీద కోపం లేదు. ఎటు పారిపోతున్నారో అప్పుడప్పుడు ఒక కార్డు ముక్క రాయండి చాలు.

ఇట్లు,
‘బి’ గారి బావ

తా.క.: ‘ఎ’ గారు నిన్న ఫోన్ చేశారు. సంక్రాంతికి కుటుంబంతో ఊరెళ్తున్నారట, ఆ నాలుగు రోజులూ మిమ్మల్ని మా ఖాళీ స్థలంలో కట్టేసుకోమంటున్నారు. ఇది అరువు కాదు, ఆయన కోసం మేం ఉంచుకోవడం. సెక్షన్ 158 ప్రకారం మేం కూలి తీసుకోకపోయినా మీ గడ్డికీ దాణాకీ అయ్యే అవసరమైన ఖర్చులు ఆయనే ఇవ్వాలి. రమ్మన్నాను. ఉలవల కొట్టువాడికి బిల్లు ‘ఎ’ గారి పేరు మీదే రాయమని చెప్పాను.