హెచ్‌1బీ కోర్టు కేసులు దండగా? ఆ ఫార్వర్డ్‌లో ఉన్న తప్పులు

వాట్సాప్ గ్రూపుల్లో అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌1బీ మీద ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం: "హెచ్‌1బీ రిజెక్ట్ అయితే కోర్టుకెళ్లడం దండగ. వీసాల జోలికి అమెరికా కోర్టులు రావు, ముందు అప్పీల్ చేసి తీరాలి, కేసు వేసిన కంపెనీని బ్లాక్‌లిస్టులో పెడతారు. వేస్తే మాత్రం తీర్పు వచ్చేదాకా అక్కడే ఉండొచ్చు." ఇందులో అరముక్క నిజం ఉంది. చివరి మాటైతే కొంప ముంచేది.

"కోర్టులు జోలికి రావు". నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయడం) నిరాకరిస్తే, ఇది చాలావరకు నిజమే. కాన్సులర్ ఆఫీసర్ నిర్ణయాన్ని కోర్టులు సాధారణంగా తిరగదోడవు, 2024లో మున్యోజ్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే మాట మీద నిలబడింది. కానీ ఉద్యోగి కోసం కంపెనీ వేసిన ఐ-129 పిటిషన్‌ను (హెచ్‌1బీ దరఖాస్తును) అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ తిరస్కరించడం వేరు, దానిమీద 1946 నాటి అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ చట్టం కింద ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. మనవాళ్లు రెంటినీ కలిపి 'వీసా రిజెక్ట్' అనేస్తారు, గందరగోళమంతా అక్కడే.

ఇన్నోవా సొల్యూషన్స్ కేసే చూడండి. ఒక భారతీయుణ్ని ప్రోగ్రామర్‌గా పెట్టుకుంటామని ఆ కంపెనీ అడిగింది. హెచ్‌1బీ రావాలంటే అది మామూలుగా బ్యాచిలర్ డిగ్రీ అవసరమయ్యే ఉద్యోగమై ఉండాలి. ప్రోగ్రామర్లలో ఎక్కువమందికి బ్యాచిలర్ డిగ్రీ ఉంటుందని లేబర్ శాఖ హ్యాండ్‌బుక్కే చెబుతున్నా, కొందరు అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల కోర్సు) వాళ్లనీ తీసుకుంటారన్న ఒక్క వాక్యం పట్టుకుని యూఎస్‌సీఐఎస్ కుదరదంది. కింది కోర్టులో కంపెనీ ఓడింది. 2020 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తిరస్కరణ అడ్డగోలుగా ఉందని తేల్చింది, రెండు నెలలకే ప్రోగ్రామర్లకు హెచ్‌1బీని కష్టం చేస్తూ 2017లో ఇచ్చిన మెమోను యూఎస్‌సీఐఎస్ వెనక్కి తీసుకుంది. దండగ కేసంటే ఇదేనా?

అయితే గెలిచినంత మాత్రాన అప్రూవల్ చేతికి రాదు. చాలాసార్లు 'మళ్లీ సరిగ్గా చూడండి' అని ఫైలు వెనక్కి పంపుతారు. పైగా కోర్టు చూసేది పాత ఫైలునే, కొత్త కాగితాలను కాదు. ఆర్‌ఎఫ్‌ఈకి (మరిన్ని ఆధారాలు అడుగుతూ యూఎస్‌సీఐఎస్ పంపే నోటీసుకు) జవాబు మొక్కుబడిగా ఇచ్చి ఉంటే ఇక్కడ ఎవరూ ఆదుకోలేరు.

"ముందు అప్పీల్ తప్పనిసరి". కాదు. చట్టమో నిబంధనో తప్పనిసరి అనకపోతే నేరుగా కోర్టుకెళ్లొచ్చని 1993లోనే డార్బీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యూఎస్‌సీఐఎస్‌లోనే చేసుకునే అప్పీల్‌కు గడువు 30 రోజులు, కోర్టుకు ఆరేళ్లు. ఆరేళ్లున్నాయి కదా అని కూర్చోవద్దు, పిటిషన్‌లో అడిగిన మూడేళ్లూ అయిపోయాక గెలిచి ఏం చేస్తాం?

"బ్లాక్‌లిస్ట్". కేసు వేసినందుకు శిక్షించే నిబంధనేదీ లేదు. జవాబివ్వడానికి ప్రభుత్వానికి 60 రోజులుంటాయి, ఆలోపే ఫైలు మళ్లీ తెరిచి అప్రూవ్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. అసలు చిక్కు వేరే: పిటిషన్ వేసింది కంపెనీ కాబట్టి మామూలుగా కేసుకూ అదే ముందుకు రావాలి. లాయర్ ఫీజు అనగానే చిన్న కన్సల్టెన్సీలు ఫోన్ ఎత్తవు.

"తీర్పు దాకా ఉండొచ్చు". దయచేసి ఇది నమ్మకండి. కేసు వేసినంత మాత్రాన స్టేటస్ (చట్టబద్ధంగా అక్కడ ఉండే అర్హత) రాదు. ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉండగా 240 రోజుల వరకు పని చేయనిచ్చే వెసులుబాటు తిరస్కరణతోనే ఆగిపోతుంది. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు కూడా దాటిపోయి ఉంటే అక్రమంగా ఉన్న రోజుల లెక్క మొదలవుతుంది, అది 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్లు తిరిగి రానివ్వరు. కేసు కంపెనీ అమెరికాలో నడిపించుకోగలదు, మీరు ఇండియాలో ఉన్నా అది ఆగదు.