పేరు వినబడని ఉద్యోగం

లైన్‌మన్ అంటే మనకు తెలిసినవాడు ఒక్కడే, స్తంభమెక్కేవాడు. కరెంటున్నంతసేపూ అతని పేరేమిటో వీధిలో ఎవరికీ పట్టదు. పోయిన మరుక్షణం మాత్రం వీధంతా అతని ఫోన్ నంబరు కోసం వెతుకుతుంది. అమెరికావాళ్లు ఈ ఉద్యోగాన్ని ఏకంగా ఆటలోనే పెట్టుకున్నారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి తమ జట్టు దగ్గరున్నప్పుడు ముందు వరసలో నిలబడే ఐదుగురిని అఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. వీళ్లు స్తంభాలెక్కరు. వీళ్లే స్తంభాలు.

నియమాలు చూస్తే, రాసినవాడికి ఈ ఐదుగురి మీద ఏదో పాత కక్ష ఉన్నట్టు అనిపిస్తుంది. మధ్యలో ఉండే సెంటర్ బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందిస్తాడు, దాన్నే స్నాప్ అంటారు. ఆ మాత్రం భాగ్యం కూడా మిగతా నలుగురికి లేదు. 50 నుంచి 79 వరకు నంబర్ల చొక్కా వేసుకున్నవాడు ముందుకు విసిరిన పాస్ పట్టుకోకూడదు. అంతగా ముచ్చటపడితే ముందే రెఫరీ దగ్గరికెళ్లి, అయ్యా ఈసారికి నేనూ అర్హుడినే అని విన్నవించుకోవాలి, సెలవు చీటీ ఇచ్చినట్టు. రెఫరీ ఆ సంగతిని మైకులో స్టేడియమంతటికీ చాటుతాడు, అవతలివాళ్లు జాగ్రత్తపడటానికి.

స్కోరు పట్టికలో బంతి విసిరినవాడికి గజాలు, పట్టుకున్నవాడికి గజాలు, పరిగెత్తినవాడికి గజాలు. లైన్‌మన్‌కీ గజాలున్నాయండోయ్. ఎదుటివాణ్ని లాగి పట్టుకుంటే పది, బంతి కదలకముందే తను కదిలితే ఐదు. రెండూ వెనక్కే. మైకులో అతని నంబరు మోగేదీ అప్పుడే.

ఈ వృత్తిలో ఆదర్శపురుషుడు జో థామస్. 73 నంబరు, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2007 డ్రాఫ్ట్‌లో మూడో వాడిగా అతన్ని తీసుకున్నారు. అలాంటివాళ్లు ఆ రోజు కోటు తొడుక్కుని న్యూయార్క్‌లో కెమెరాల ముందు కూర్చోవాలి. ఇతను వాళ్ల నాన్నతో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పడుతున్నాడు. పట్టుకోవడం అనే పని ఇక ముందు కుదరదని ఆనాడే తెలిసినట్టుంది.

అతని పని లెఫ్ట్ ట్యాకిల్. వెనక బంతి అందుకుని పాస్ విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్ పక్కకు తిరిగి నిలబడతాడు కాబట్టి ఎడమవైపు అతని వీపు ఉంటుంది. అటునుంచి వచ్చేవాడు అతనికి కనబడడు. ఆ వచ్చేవాడు నూట ఇరవై కేజీలుండి, రన్నర్‌లా ఉరుకుతాడు. థామస్ నూట నలభై కేజీల ఒంటితో ఎడమకాలు వెనక్కి జరిపి, కుడికాలు ఈడ్చి, మళ్లీ ఎడమకాలు వెనక్కి వేస్తాడు. నడుము వంచకూడదు, మోకాళ్లే వంచాలి. రెండు అరచేతులూ ఎదుటివాడి రొమ్ము మీద పడాలి. అవి భుజాల బయటికి జారి చొక్కా చేతికి చిక్కిందా, పది గజాలు పోయినట్టే. అంతా మూడు నాలుగు సెకన్లలో తేలిపోతుంది. 'వెనకడుగు వేయని వీరుడు' అని మనవాళ్లు ఫ్లెక్సీల మీద రాస్తుంటారు చూడండి, ఆ వీరుడు ఇక్కడ ఒక్క వారం కూడా ఉద్యోగం చేయలేడు. ఇక్కడ వెనకడుగుకే జీతం.

జీతం గురించి మాత్రం మనం కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. 2011లో ఏడేళ్లకు 8.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాశారు. నా జాలి అంతా యాజమాన్యం మీదే.

ఎందుకంటే వాళ్లు చేయని ప్రయత్నం లేదు. థామస్ ఉన్న పదకొండు సీజన్లలో ఆరుగురు హెడ్ కోచ్‌లను చూశారు. అతని వెనక నిలబడ్డ స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్‌లు ఇరవై మంది. 22 అంకె మీద ఆ జట్టుకున్న భక్తి ఇంకా గొప్పది. 2007లో 22వ ఎంపికగా బ్రేడీ క్విన్, 2012లో 22వ ఎంపికగా బ్రాండన్ వీడెన్, 2014లో 22వ ఎంపికగా జానీ మన్జీల్. ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లే, ముగ్గురూ నిలవలేదు. ఇల్లు కూలుతుంటే వాస్తు కోసం గుమ్మం మార్చేవాళ్లను మనమూ చూశాం కానీ, మూడుసార్లు అదే గుమ్మం పెట్టినవాళ్లను చూడలేదు. ఆ ఊళ్లో ఎవరో ఒక జెర్సీ మీద క్వార్టర్‌బ్యాక్ పేరు కొట్టేసి కింద టేపు మీద కొత్త పేరు, అదీ కొట్టేసి ఇంకోటి, ఇలా చాంతాడంత జాబితా రాసి కిటికీలో వేలాడదీశారు. ఆ జాబితాలో లైన్‌మన్ పేరుండదు. మారితేనే కదా రాసేది.

ఆ పదకొండు సీజన్ల లెక్క 48 గెలుపులు, 128 ఓటములు, ప్లేఆఫ్స్ అనే నాకౌట్ పోటీలు సున్నా. లోకం దీన్ని వైఫల్యం అంటుంది, నేనొప్పుకోను. ఇల్లు నిలబెట్టే దూలం గట్టిదైతే పైన ఎవరు ఏ ప్రయోగమైనా చేసుకోవచ్చని ఇంత ఓపిగ్గా నిరూపించిన సంస్థ ఇంకోటి లేదు. నా అనుమానమల్లా ఒక్కటే, అసలు తప్పు థామస్‌దే. అతను రెండుమూడు సార్లు మనస్ఫూర్తిగా పక్కకు తప్పుకుని ఉంటే, వెనకున్నవాడి సంగతి ఏళ్ల ముందే తేలిపోయేది. తప్పుకోలేదు. ఒక్క ఆట కూడా బయట కూర్చోకుండా వరసగా 10,363 స్నాప్‌లు ఆడాడు. అక్కడే చెడింది. ఎవరో లెక్కబెట్టారు. ఎవరికీ కనబడకుండా బతకాల్సిన మనిషికి ఒక అంకె అంటుకుంది.

2017 అక్టోబర్ 22న, అవును, మళ్లీ 22నే, టెనెసీ టైటన్స్‌తో ఆడుతుండగా ఎడమ చేతి ట్రైసెప్స్ తెగింది. ఆ సీజన్ జట్టు పదహారుకు పదహారూ ఓడింది. అప్పటికే ఓడుతూనే ఉంది కాబట్టి ఆ నేరం చేతి మీదికి నెట్టలేం. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు. పేరు 'పర్‌ఫెక్ట్ సీజన్ పరేడ్'. మార్చిలో థామస్ రిటైరయ్యాడు. మూడేళ్లు తిరక్కుండానే బ్రౌన్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లి పిట్స్‌బర్గ్ మీద గెలిచారు కూడా. దూలం తీసేశాకే ఇల్లు నిలబడిందని యాజమాన్యం చెప్పుకోలేదు, అది వాళ్ల సంస్కారం.

రిటైరయ్యాక అతను చేసిన మొదటి ఘనకార్యం తినడం తగ్గించడం. ఆ ఒళ్లు ఆకలితో వచ్చింది కాదు, డ్యూటీలో భాగంగా మోసింది. ఇరవై కేజీలకు పైగా తగ్గాడు. పాత ఫొటో పక్కన పెడితే అన్నదమ్ములనుకుంటారు.

2023లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే, కాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. క్లీవ్‌లాండ్ నుంచి కారులో గంట దూరం. అక్కడ అందరికీ పెట్టినట్టే ఇతనికీ కంచు బొమ్మ పెట్టారు. ఆ బొమ్మలు తల నుంచి భుజాల దాకానే ఉంటాయి. వెనకడుగు వేసిన కాళ్లు లేవు, ఎదుటివాణ్ని ఆపిన చేతులు లేవు, 73 లేదు. పదకొండేళ్లు హెల్మెట్ కడ్డీల వెనక ఉండిపోయిన ముఖం మాత్రం ఉంది.